పసుపు కింద పసుపు

నమోదు 311. నీళ్లు లేని రోజు.

నాలుగో అంతస్తు వరండాలో ఎవరో చీపురు పట్టారు. నేల మీద పుల్లల గీతలు స్పష్టంగా ఉన్నాయి. చీపురు వాడొద్దని మెట్ల ప్రతి మలుపులోనూ రాసి ఉంది. చీపురు సీసం దుమ్మును తీసేయదు, లేపుతుంది. లేచింది అన్నం గిన్నెలో దిగుతుంది. తడిగుడ్డతో తుడవాలి. నీళ్లు లేని రోజు తుడవడమే మానుకోవాలి. ఇది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

నా పని ఈ బ్లాకు గోడలు చూసుకోవడం. గోడల విభాగం నా ఉద్యోగానికి పొడవైన పేరే పెట్టింది. జనం మాత్రం సీసం మాస్టారంటారు. కొత్తగా సిమెంటు కలపడం నేరమైన దగ్గర్నుంచి అందరం ఉన్న కట్టడాల్లోనే సర్దుకోవాలి. మాది వందేళ్లు దాటిన బ్లాకు. కింది రెండంతస్తులు సముద్రం తీసుకుంది. పైన నాలుగూ మావి.

మధ్యాహ్నం ఖాళీ ఇంట్లో కిటికీ చెక్క నుంచి రంగు పెచ్చు ఊడింది. అంచు చూశాను. తెలుపు, దాని కింద గులాబీ, దాని కింద ఆసుపత్రి ఆకుపచ్చ, దాని కింద నీలం, అడుగున ఇంకో తెలుపు. ఒక్కరూ కిందిది తీసి పారేయలేదు. కడగని మొహం మీద పౌడరు కొట్టుకున్నట్టు ఎవరికి వాళ్లు పైన పూసుకుని పోయారు. ఆ ముక్కను సంచిలో వేసి మూతి బిగించి, నా వంతు తాగేనీళ్లతో చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం ఎదురింటి పిల్ల కిన్నెర పాక్కుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. తొమ్మిదో నెల. ఎత్తుకెళ్లి వాళ్లమ్మ ఝాన్సీకి ఇచ్చాను. కాసేపటికి మళ్లీ వచ్చింది.

నమోదు 312. నీళ్ల రోజు.

వరండా రెండుసార్లు తుడిచాను. తర్వాత బల్లిని వదిలాను.

బల్లి అంటే అరచేయంత యంత్రం. గోడ పట్టుకుని పాకుతుంది. రంగు పొరల్లోంచి చూసి, సీసం ఉన్నచోట టిక్కుటిక్కుమంటుంది. కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ గుర్తు లేదు.

ఝాన్సీ అత్తగారు పైడమ్మ నా కోసం గుమ్మంలో కాచుకుని ఉంది.

"మొన్న నా బుజం మీద పడింది నీ బల్లి. ఎడం బుజం. మంచికా, సెడ్డకా?"

"బ్యాటరీ అయిపోయిందమ్మా."

"ఓరి నీ బ్యాటరీ బంగారం గాను! మంచికో సెడ్డకో సెప్పరా నాయినా అంటే!"

మంచికే అన్నాను. నమ్మలేదు. లోపలికి రానిచ్చింది కానీ గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. గడప మీద కాలు పెట్టకూడదు కనక యంత్రం కాలు కూడా పడకూడదు. బల్లిని ఆపి, రెండు చేతులా ఎత్తి, అవతల దించాలి. వాదించడం ఎప్పుడో మానేశాను. అలవాటై మా ఇంట్లోనూ అలాగే ఎత్తి దించుతాను.

వాళ్లింట్లో బల్లి ఎక్కడా చప్పుడు చేయలేదు. రెండేళ్ల కిందట నేనే తడిపి గీకించిన గోడలవి.

వెళ్లబోతుంటే ఝాన్సీ పిల్ల గౌను పైకెత్తి మొలతాడు చూపించింది. "బాబాయ్, ఈ పూస ఒకసారి చూడు. రంగు తిరిగినట్టు లేదూ?"

ఆరేళ్లలోపు పిల్లలందరి మొలతాడులోనూ ఆ పూస ఉంటుంది. ఒంట్లో సీసం చేరితే చెమట తగిలి బూడిదరంగుకి తిరుగుతుంది. నల్లబడితే పిల్లను కొండ మీది తెల్లింటికి తీసుకుపోతారు. కనీసం ఏడాది. అక్కడ చోటు చాలదని తల్లుల్ని ఉండనివ్వరు.

కిన్నెర పూస పావురం రంగులో ఉంది.

"నర్సు పడవ ఎప్పుడు?" అన్నాను.

"అమావాస్య పోటుకి."

అప్పటికి నీళ్లు మూడో అంతస్తు మెట్ల దాకా లేస్తాయి. పడవ నేరుగా వస్తుంది. ఈలోగా సీసం ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని, ఆ వస్తువును తీసేసి చూపిస్తే పిల్ల ఇంట్లోనే ఉండొచ్చు. నియమాల్లో ఉన్న ఒకే ఒక్క దయ అది.

నమోదు 314. నీళ్లు లేని రోజు.

ఝాన్సీ ఇల్లు మొత్తం మళ్లీ చూశాను. పాలగిన్నె, ఉయ్యాల గొలుసు, గిలక్కాయ, అద్దం చట్రం, పైడమ్మ తమలపాకుల పెట్టె. ఏమీ లేదు. నీళ్ల డ్రమ్ము ఖాళీ చేయించి అడుగు చూశాను. లేదు. ఝాన్సీ భర్త నీళ్ల పడవల మీద పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. అతని బూట్లు కూడా చూశాను. బూట్ల కంపు తప్ప ఏమీ లేదు.

బ్లాకు సెక్రటరీ కూర్మారావు వరండాలో నన్ను పక్కకి లాగాడు. ఎప్పుడూ అంతే, చెవి దగ్గరికి వచ్చి మాట్లాడతాడు. మీసాల్లో ఎండుచేప వాసన.

"మాస్టారూ, నల్లపూస ఒక్కటి తేలిందంటే మన బ్లాకు నీళ్ల వంతు సగానికి కోసేస్తారు. తెల్సు కదా?"

"తెలుసు."

"అందుకని, ఆళ్లింటి గోడలకి ఓ పూత ఎయించేద్దారి. తెల్లగా. నర్సమ్మ కంటికి బాగుంటాది."

"గోడల్లో ఏమీ లేదు."

"లేకపోతే మరీ మంచిది. ఓ పూత పడుంటాది."

ఈ మనిషికి ప్రపంచంలో ప్రతిదానికీ మందు ఒక్కటే. పోయినేడు నా భార్య దమయంతికి జ్వరం వచ్చిన వారం పడవ రాలేదు. మూడో రోజు ఆమె పోయింది. ఇతను వచ్చి, సెక్రటరీగా తన విచారాన్ని మీటింగులో రాయించానని చెప్పాడు. అదీ పూతే.

నమోదు 315. నీళ్లు లేని రోజు.

పైడమ్మ గారెలు తెచ్చింది. ఆకులో మూడు.

"మా గుంట గడప దాటింది. అందుకని."

ఇక్కడ పిల్లలు చేసే ప్రతి కొత్త పనికీ ఒక పిండివంట ఉంటుంది. బోర్లా పడితే ఒకటి, పాకితే ఒకటి. మినప్పప్పు దొరకడమే గగనమైన ఈ రోజుల్లో కూడా గడప దాటితే గారెలు మానరు.

"ఏటిసూతకం ఇంటికి పిండివంట తేకూడదు. నాకు తెల్సు. కానీ వరండాలో దించితే అది మొదట దాటింది మా గడప కాదు, నీ గడప. మరి నీకు పెట్టకుండా ఎలగ?" అంది. ఆ ముక్క చెప్పేటప్పుడు కొంచెం నొచ్చుకుంది కూడా. సొంత ఇంటి గడప ఉండగా ఎదురింటిది దాటడం ఏమిటని.

"తిను నాయినా. దమ్మీంతి ఉంటే డజను తినేది."

తినేది. నిజమే. ఒకటి కొరికాను. పాత నూనె, నాలిక మీద జిడ్డు. మిగతావి మూసి పెట్టాను.

నమోదు 317. నీళ్ల రోజు.

పూస ముదిరింది. తడిసిన ఇనుము రంగు. పిల్ల అన్నం తినడం లేదు, ఊరికే ఏడుస్తోంది. పళ్లొస్తున్నాయి కదా అని పైడమ్మ సర్దిచెబుతోంది. కింద రెండు పళ్లు వచ్చాయి. చొంగతో గౌను ముందంతా తడి.

మెట్లు, కటకటాలు, నీళ్ల గొట్టం, చివరికి ఎవరూ వాడని లిఫ్టు తలుపులు చూశాను. లిఫ్టు గుంటలో తలుపు రంగు పెచ్చులు కుప్పగా పడి ఉన్నాయి. చచ్చిన ఎలుక, దాని మీద ఆకుపచ్చ పెచ్చులు. కానీ అక్కడికి పాకే పిల్లలు ఎవరూ లేరు.

సాయంత్రం ఝాన్సీ తలుపు తడితే కూర్మారావు తీశాడు. లోపల ఝాన్సీ పిల్లను ఒళ్లో వేసుకుని మొలతాడు ముడి వేస్తోంది. కొత్త పూస. ధగధగలాడే తెలుపు.

"ఎక్కడిది?" అన్నాను.

"ఐదో అంతస్తులో పెట్టిలో పడుంది మాస్టారూ. ఆళ్ల గుంటడికి ఏడేళ్లొచ్చీసినాయి, ఇంక ఆడికెందుకు?" కూర్మారావు నవ్వాడు. "నర్సమ్మ సూస్తాది, తెల్లగా ఉంటాది, ఎలిపోద్ది. ఎవులికీ నష్టం లేదు."

"పిల్లకి?"

"పూస మారిస్తే పిల్ల ఇంట్లో ఉంటాది. అదే కదా కావాలి?"

నాకు అతనితో మాట్లాడాలనిపించలేదు. ఝాన్సీతో అన్నాను: "లోపలికి పోయేది పోతూనే ఉంటుందమ్మా. ఎముకల్లో చేరింది అంత తేలిగ్గా తిరిగి రాదు. రేపు ఇది స్కూల్లో అక్షరం గుర్తుపట్టలేకపోతే అప్పుడేం పూస కడతావ్?"

ఝాన్సీ తలెత్తింది. "ఏడాది! నన్ను చూస్తే గుర్తుపట్టదు బాబాయ్ అది. నీకూ ఒకరుంటే తెలిసేది."

పైడమ్మ "నోర్ముయ్యే" అంది కోడల్ని. కూర్మారావు గోడ వైపు చూశాడు. నేను బల్లిని సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

నమోదు 318. నీళ్లు లేని రోజు.

పొద్దున తలుపు తీసేసరికి ఝాన్సీ పాత పూస పట్టుకుని నిలబడి ఉంది. "కొత్తది తీసేశాను" అంది. క్షమాపణలు అడగలేదు. అడిగితే నాకు ఇబ్బందయ్యేది. చంకలో పిల్ల.

పిల్ల గౌను మీద, చొంగ తడిలో, పసుపు నలుసు ఒకటి కనిపించింది. ఆవగింజలో సగం.

"పసుపు రాశారా దీనికి?"

"పసుపెక్కడిది బాబాయ్? కళ్లజూసి ఎన్నాళ్లయింది?"

నలుసును వేలి కొసతో తీశాను. గట్టిగా ఉంది. వేలికి అంటలేదు. పసుపైతే అంటుతుంది. నేను దాన్నే చూస్తుండగా కిన్నెర చంకలోంచి జారి కిందికి దిగింది. నేరుగా మా గుమ్మానికి పాకింది. రెండు చేతులూ గడప మీద వేసి, తల వంచి, అంచును నోట్లో పెట్టుకుంది. రోజూ చేసే పనిలా.

ఝాన్సీ అరిచి లాగేసింది. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. గడప అంచు మీద పక్కపక్కనే రెండు చిన్న గాట్లు. అలాంటి జతలు మూరెడు పొడవునా ఉన్నాయి.

బల్లిని తెచ్చి గడప మీద పెట్టాను. టిక్కుటిక్కు మధ్య సందు లేదు. ఒకటే మోత. పైడమ్మ పరుగెత్తుకొచ్చి "గడప మీదెట్టినావేటి! తియ్యి, తియ్యి!" అంది. తర్వాత ఆ మోత ఏమిటో అర్థమై, కొంగుతో పిల్ల నోరు తుడిచింది.

నమోదు 318, మిగిలింది.

వివరంగా రాయాలి. విభాగం అడుగుతుంది.

వందేళ్లుగా ఈ బ్లాకులో ఆడవాళ్లు ఏటా ఉగాదికి గడపకి పసుపు రంగు వేస్తున్నారు. మొదట్లో నిజం పసుపు రాసి ఉంటారు. తర్వాత రోజూ ఎవరు రాస్తారని డబ్బా రంగు తెచ్చారు. పాత పసుపు ఎనామిల్ రంగు. అప్పటి రంగులన్నిట్లోకీ సీసం ఎక్కువ ఉన్నది అదే. ఆరిన సీసం రంగు కొంచెం తియ్యగా ఉంటుంది. పళ్లొచ్చే పిల్ల దాన్ని వదలదు. అమ్మినవాళ్లకి ఇది తెలియదంటే నేను నమ్మను. వాకిట్లో పెట్టుకుని మొక్కే వస్తువు మీద విషం పూయించి, లక్ష్మి వస్తుందని కూడా డబ్బా మీద బొమ్మ వేసి ఉంటారు.

డబ్బాలు అయిపోయాక దమయంతి ఈ అంతస్తు గడపలన్నిటికీ తనే రంగు కలిపేది. కొండ వెనక పచ్చమన్ను, తుమ్మజిగురు, ఉంటే చిటికెడు పసుపు. కుంకుమ దొరకదు. పసుపు మీద తడిసున్నం చుక్క పెడితే అదే ఎర్రబడుతుందని ఒకసారి చెప్పాను. నా కెమిస్ట్రీ డిగ్రీ ఆ ఇంట్లో పనికొచ్చింది అందుకొక్కదానికే అనేది.

జిగురు పూత ఏడాదికి మించి నిలవదు. అందుకే ఏటా వేయాలి. ఏటా వేసినన్నాళ్లూ కిందిది బయటికి రాలేదు. ఈ ఉగాదికి మిగతా గుమ్మాలవాళ్లు ఎవరిది వాళ్లు వేసుకున్నారు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా గడపకి రంగు వేయరు. మాది వేయలేదు. పోయినేడు దమయంతి వేసిన పూత ఎండకి పగిలింది. నేను రోజూ దాటుతూనే ఉన్నాను. నా చూపు ఆమె పెట్టిన చుక్కల మీద ఉంది, పగుళ్ల మీద లేదు.

చీపురు సంగతి కూడా తేలింది. పైడమ్మే చెప్పింది.

"ఆడమనిషి లేని ఇల్లు. గుమ్మం ముందు ఎవులూడుస్తారని పొద్దున్నే నేనే ఊడుస్తన్నాను. నువ్వు లెగవకముందు."

"ఎటువైపు ఊడుస్తారు?"

"మా ఏపే. బయట పారెయ్యడానికి అటే కదా దారి."

మా గడప నుంచి రాలింది రోజూ వాళ్లింట్లోకి వెళ్లింది. ప్రేమగా, చీపురుతో. ఆమెకి కోపంగా ఏదో అనబోయి మానేశాను.

నమోదు 319. నీళ్లు లేని రోజు.

రేపు నీళ్లు. ఎల్లుండి అమావాస్య.

కూర్మారావు వచ్చాడు. వార్త అప్పుడే అందింది.

"పోన్లెండి, దొరికింది. ఇంకేటి, ఓ పూత కొట్టి తలుపేసుకోండి. గుంట రాదు."

"రాపిడి తగిలే చెక్క మీద పూత ఆగదు. మళ్లీ పగులుతుంది."

"పగిలినప్పుడు సూద్దారి. ఇప్పుడు మీరు గడప పీకితే రేపు అందరివీ పీకాలంటారు. అన్నిటి కిందా అదే కదా ఉంది?"

"అవును. అన్నీ తీయాలి."

"గడపలు పీకితే జనం నన్ను పీకుతారు మాస్టారూ!"

"అది మంచిదే" అన్నాను. నవ్వుతున్నాననుకుని అతనూ నవ్వాడు.

పైడమ్మ బాధ వేరు. "ఏడాది తిరక్కుండా గడప కదపకూడదు నాయినా. ఆ మనిషి ఇంకా ఇంటి సుట్టూనే తిరుగుతా ఉంటాది. గడప లేకపోతే ఇల్లు గుర్తెట్టుకోలేదు."

నర్సు వస్తే మూలం మా ఇల్లేనని చెప్పాలి, తీసేసి చూపించాలి. లేకపోతే పిల్ల పడవెక్కుతుంది. అది ఆమెకీ తెలుసు. చెప్పాల్సింది చెప్పి, పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

వాళ్లు వెళ్లాక అటక మీద మూట దించాను. పచ్చమన్ను, తుమ్మజిగురు, సున్నం పొట్లం. దమయంతి కట్టిన ముడి అలాగే ఉంది. ఈ ఉగాది కోసం దాచింది.

ఒక్క పూత. అరగంట పని. చుక్కలు కిందే ఉంటాయి, కనపడకపోయినా ఉన్నాయని నాకు తెలుస్తుంది. నర్సుకి చెక్క తీసేసి కొత్తది వేశానని చెప్పొచ్చు. నా మాట మీద బల్లి పెట్టి చూడరు. పైగా గడప మీద ఎవరూ బల్లిని పెట్టరు.

తొమ్మిది చుక్కలు. చివరిది వరస తప్పి కిందికి ఉంది. అది పెడుతున్నప్పుడు దమయంతిని నేను పిలిచాను. ఎందుకు పిలిచానో గుర్తు లేదు.

జిగురు నానబెట్టాను. గిన్నెలో అది ఉబ్బి మెత్తబడి చీమిడిలా సాగింది. వేలు పెట్టి చూశాను. దాన్ని ఆ గాట్ల మీద పూయడం ఊహించుకున్నాను, చిన్న గాట్లు ఒక్కొక్కటే పూడుకుపోవడం. గిన్నె తీసుకెళ్లి పారబోశాను.

నమోదు 320. నీళ్ల రోజు.

నా నీళ్లు రెండు బిందెలు. ఝాన్సీ ఒకటి తెచ్చి పెట్టింది. పైడమ్మ ఇంకొకటి. అడగలేదు.

గుమ్మానికి రెండు వైపులా ప్లాస్టిక్ పరదా కట్టాను. మాస్కు పెట్టుకుని, నేల మీద తడి గోనె పరిచాను. సబ్బునీళ్లలో గుడ్డ ముంచి మొదట పైపూత తుడిచాను.

సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నాకు తెలిసిన విషయమే. గుడ్డ కింద గడపంతా ఒక్కసారి ఎర్రగా అయింది, కుంకుమ పోసినట్టు. కాసేపు గుడ్డ కదపలేదు. పరదా అవతల పైడమ్మ అడిగింది.

"ఏటైంది? సప్పుడు లేదు?"

"ఏమీ లేదు. నానుతోంది."

నానుతూనే పోయింది. జిగురు పూత కదా, దాచుకోవడానికి పెచ్చు కూడా రాలేదు. చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి గుడ్డలోకి కరిగిపోయాయి. వరస తప్పినది ఆఖరున పోయింది. నేను దాన్ని ఆఖరున తుడిచాను.

దాని కింద అసలుది బయటపడింది. గుడ్డుసొన రంగు. వందేళ్లు గడిచినా సిగ్గు లేకుండా నిగనిగలాడుతోంది. తడిపి గీకాను, మళ్లీ తడిపి గీకాను. పసుపు కింద పసుపు, దాని కింద ఇంకో పసుపు. తడి ముద్దలు ముద్దలుగా లేచి వస్తుంటే ఎవరిదో కడుపు కోస్తున్నట్టు ఉంది. ఎంతమంది ఇంటావిడలు, ఎన్ని ఉగాదులు. ఆ శ్రద్ధంతా బురదై నా గ్లవ్స్ మీద.

చెక్క కనిపించాక బల్లిని పెట్టాను. ఇంకా మోగుతోంది. చెక్క పీల్చేసుకుంది. టేకు. ఇప్పుడు అడవిలో కూడా దొరకదు. ఉలి పెట్టి రెండు కొసలూ వదులుచేసి మొత్తం పెకలించాను. లేచేటప్పుడు మేకులు అరిచాయి. పరదా అవతల పైడమ్మ ఏదో గొణుక్కుంది. తిట్టో దండమో తెలియలేదు.

చెక్కని మూడు ముక్కలు చేసి, గుడ్డలతో సహా సంచుల్లో వేసి మూతులు బిగించాను. గడప చోట మిగిలిన గుంటను మూడుసార్లు కడిగాను. వరండా అంతా తుడిచాను. ఝాన్సీ ఇంటి నేల కూడా తుడిచాను, ఆవిడ వద్దంటున్నా.

పైడమ్మ తన చీపురు తెచ్చి నా సంచిలో వేసింది.

నమోదు 321. అమావాస్య.

పడవ మెట్ల దగ్గరికే వచ్చింది. నర్సు పొట్టి మనిషి, తొందరలో ఉంది. కిన్నెర మొలతాడు తీసి చూసింది. పూస నల్లగా ఉంది. ఝాన్సీ గోడకి ఆనుకుంది.

"మూలం దొరికిందా?" అంది నర్సు.

"దొరికింది. తీసేశాను. మా ఇంటి గడప."

ఆమె వచ్చి గుమ్మంలో గుంట చూసింది. తనే వంగి బల్లిని అందులో పెట్టింది. అది చప్పుడు చేయకుండా అటు నుంచి ఇటు నడిచింది. సంచులు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"సీసం మాస్టారంటే మీరే కదూ?"

"నేనే."

"ఊఁ" అంది. అంతకంటే ఎక్కువ అనాల్సింది.

పిల్ల ఇంట్లోనే ఉండొచ్చని చెప్పింది. రోజుకి మూడు పూటలా పొడిమందు. పాలు, రాగిజావ, ఆకుకూర. ఏడాది దాకా ప్రతి పోటుకీ పరీక్ష. జరిగిన నష్టం ఎంతో ఇప్పుడే చెప్పలేమంది. నీళ్ల వంతు కోయరట, మూలం తీసేశాం కనక. ఆ ముక్క విన్నాకే కూర్మారావు మీసం దువ్వుకున్నాడు. "మా బ్లాకు శుభ్రత అంటే అలగుంటాది నర్సమ్మా" అన్నాడు. ఉమ్మేయడానికి చోటు వెతుక్కున్నాను.

"మిగతా గడపలు కూడా తీయాలి. ఎప్పుడు?" అని నర్సు అతన్నే అడిగింది. చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

నమోదు 324. నీళ్లు లేని రోజు.

ఐదో అంతస్తులో ఇద్దరు గడపకి ఒప్పుకున్నారు. ఒకామె నా మొహం మీద తలుపేసింది. మళ్లీ వెళతాను.

కిన్నెర మందు మింగదు. ఉమ్మేస్తుంది. ఝాన్సీ మళ్లీ పోస్తుంది. రుచి చూశాను. ఉమ్మేయడంలో తప్పు లేదు.

సాయంత్రం తలుపు తీసి ఉంచాను. పిల్ల మామూలుగానే పాక్కుంటూ వచ్చింది. గడప ఉండాల్సిన చోట ఆగింది. చేత్తో తడిమింది. ఏమీ తగల్లేదు. తల వంచి చూసింది. నా వైపు చూసి కోపంగా ఏదో అంది. తర్వాత అడ్డం లేని గుమ్మంలోంచి నేరుగా లోపలికి వచ్చేసింది.

వెనకాలే పైడమ్మ. గుమ్మం బయటే నిలబడిపోయింది. గడప లేకపోయినా అలవాటుగా కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక తడబడి, దాటింది.

"గడప లేని ఇల్లు ఇల్లేటి? దాటినట్టే లేదు" అంది. కాసేపు చూరు వైపు చూసింది. "ఆ మనిషి సంగతి బెంగెట్టుకోకు. దానికి నీ దగ్గు తెల్సు. దగ్గు ఇని గుర్తెట్టుకుంటాది."

దగ్గాను. నిజంగానే వచ్చింది.

నమోదు 325. నీళ్ల రోజు.

మినప్పప్పు గుప్పెడు ఉంది, దమయంతి డబ్బాలో. రాత్రి నానబోశాను. ఏడాది తిరగలేదు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదు. పెట్టాను.

గారె చేయడం నాకు రాదు. పిండి చేతికి అంటుకుపోయి అసహ్యంగా ఉంది. మొదటిది నూనెలో విడిపోయింది. రెండోది బొగ్గయింది. పొగ వాసనకి పైడమ్మ వచ్చేసింది.

"మాడిపోతన్నాయి, తియ్యి! ఏటిది, సూతకం ఇంట్లో? ఎవుల కోసం?"

"పిల్ల మా గడప దాటింది కదా. నేను పెట్టలేదు."

ఆమె నా చేతిలో గరిట లాక్కుంది. వేలు తడిచేసి పిండి మధ్యలో చిల్లి పెట్టి నాలుగు వేసింది. నాలుగూ ఎర్రగా పొంగాయి. చల్లారాక అన్నిటికన్నా గట్టిదాన్ని ఏరి, తను ఒక వైపు పట్టుకుని, పిల్ల చేతికిచ్చింది.

కిన్నెర దాన్ని తిప్పి తిప్పి చూసింది. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. అక్కడే, గడప తీసిన గుంటలో కూర్చుని. చొంగతో మెత్తబడ్డాక పైడమ్మ లాక్కుని నాకు చూపించింది.

అంచు మీద రెండు గాట్లు. పక్కపక్కనే.